అడిగితేనే తెలిసే లోపం: మనోవ్యాధుల్లో లైంగిక సమస్యల కొలత

(స్మారకోపన్యాస పాఠం)

కొలవవలసినది ఏమిటి?

లైంగిక కోరిక, ఉద్రేకం, భావప్రాప్తి, తృప్తి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా, ఆలస్యమైనా, నొప్పితో కూడుకున్నా, పూర్తిగా ఆగిపోయినా దాన్ని లైంగిక లోపం అంటారు. మనోవ్యాధితో బాధపడేవారిలో ఇది చాలా సాధారణం. అయితే ఇది ఎక్స్‌రేలో కనిపించదు, ఒక్క రక్తపరీక్షతో తేలదు. రోగి చెప్పాలి. రోగి చెప్పాలంటే ఎవరో ఒకరు అడగాలి. అందుచేత ఇక్కడ కొలత అన్నది ప్రశ్నతోనే మొదలవుతుంది. ఆ ప్రశ్నను ఎప్పుడు, ఎవరు, ఏ మాటల్లో, ఎంత గోప్యంగా అడిగారన్న దాన్నిబట్టే చివరికి వచ్చే సంఖ్యకు విలువ.

నేటి ప్రశ్నావళులన్నిటికీ వెనక ఒక శరీరశాస్త్ర నమూనా ఉంది. అమెరికాలో విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ ప్రయోగశాలలో చేసిన పరిశీలనలను 1966లో ప్రచురించారు. లైంగిక ప్రతిస్పందనను ఉద్రేకం, స్థిరదశ, భావప్రాప్తి, ఉపశమనం అని నాలుగు దశలుగా విభజించారు. ఈ విభజనలో కోరికకు చోటు లేదు. శరీరం స్పందించడం కన్నా ముందే మనసులో కోరిక పుట్టాలనీ, అక్కడే ఆగిపోయేవారు ఎందరో ఉన్నారనీ హెలెన్ సింగర్ కాప్లన్ 1970లలో గుర్తించి, కోరికను విడి దశగా చేర్చారు. మనోరోగులకు ఈ చేర్పు చాలా ముఖ్యమైనది. డిప్రెషన్ తరచుగా ముందు దెబ్బతీసేది కోరికనే.

వ్యాధి నిర్ధారణ గ్రంథాలు ఈ నమూనాకు కొన్ని షరతులు చేర్చాయి. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ప్రకారం సమస్య సుమారు ఆరు నెలలు ఉండాలి. నూటికి 75 నుంచి 100 సందర్భాల్లో ఎదురుకావాలి. వ్యక్తికి గణనీయమైన బాధ కలిగించాలి. ఇంకో లైంగికేతర మానసిక వ్యాధివల్లనో, మందువల్లనో, దాంపత్యంలోని తీవ్రమైన కలతవల్లనో వచ్చిన లోపాన్ని ఈ గ్రంథం ఆ పేరుతో నిర్ధారించనివ్వదు. మందువల్ల వచ్చినదానికి విడిగా ఒక పేరు ఇస్తుంది. మనోవైద్యుడి దగ్గరకు వచ్చే రోగుల్లో చాలామందికి ఈ మూడు కారణాలూ కలిసే ఉంటాయి. కాబట్టి నిర్ధారణ వేరు, కొలత వేరు. నిర్ధారణకు లొంగని లోపాన్ని కూడా కొలవవలసిందే, నమోదు చేయవలసిందే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ-11 మరో అడుగు ముందుకు వేసింది. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఈ వర్గీకరణ, లైంగిక లోపాలను మానసిక వ్యాధుల అధ్యాయం నుంచి తీసి లైంగిక ఆరోగ్యమనే కొత్త అధ్యాయంలో పెట్టింది. ఇది శరీర సమస్యా, మనసు సమస్యా అన్న పాత విభజనను వదిలేసింది. దానికి బదులు కారణాలను ఎన్నైనా జతచేసి రాసుకునే వీలు కల్పించింది: శరీర వ్యాధి, మానసిక కారణాలు, మందులు లేదా మత్తుపదార్థాలు, అవగాహన లేకపోవడం, భాగస్వామితో సంబంధం, సంస్కృతి. ఒకే రోగిలో డిప్రెషన్, మధుమేహం, మందు, భార్యాభర్తల గొడవ కలిసి ఉన్నప్పుడు ఈ పద్ధతి వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

అడగకపోతే జరిగే నష్టం

ఈ సమస్యను రోగులు తమంతట తాము చెప్పరన్న విషయం అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. స్పెయిన్‌లో ఆంఖెల్ మోంటెఖో బృందం 1997లో ప్రచురించిన అధ్యయనంలో ఫ్లూఆక్సిటిన్, పారాక్సిటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్ వాడుతున్న 344 మంది రోగులున్నారు. అడగకుండానే తమ లైంగిక సమస్యను చెప్పినవారు 14 శాతం. వైద్యుడు నేరుగా అడిగినప్పుడు అది 58 శాతానికి చేరింది. అవే మందులు, అదే వైద్యం. మారినది అడగడం ఒక్కటే. అదే బృందం 2001లో 1,022 మందిపై ప్రచురించిన అధ్యయనంలో డిప్రెషన్ మందులు వాడేవారిలో మొత్తం మీద 59.1 శాతం మందికి లైంగిక లోపం కనిపించింది. మందుకూ మందుకూ తేడా పెద్దదే: సిటాలోప్రామ్‌తో 72.7 శాతం, పారాక్సిటిన్‌తో 70.7 శాతం ఉంటే, మిర్టజపిన్‌తో 24.4 శాతమే.

ఒక మందుకు సంబంధించిన తొలినాటి పరీక్షల్లో లైంగిక దుష్ఫలితాలు తక్కువగా నమోదు కావడానికి ఒక ప్రధాన కారణం ఇదే. రోగి చెప్పినవి మాత్రమే రాసుకుంటే చెప్పనివన్నీ లేనట్టే లెక్కకు వస్తాయి. మందు అట్ట పెట్టెలో ఉండే కాగితం మీద కనబడే చిన్న అంకె నిజంగా చిన్నదా, అడగకపోవడంవల్ల చిన్నదయిందా అన్నది చదివే వైద్యుడు తెలుసుకోవాలి.

ఈ మౌనానికి మూల్యం చెల్లించేది రోగే. భర్తతోనో భార్యతోనో దూరం పెరిగి, కారణం మందేనని అనుమానం వచ్చి, డాక్టరుకు చెప్పకుండానే మందు ఆపేస్తారు. కొన్ని వారాలకో నెలలకో జబ్బు తిరగబెడుతుంది. ఇంట్లోవాళ్లు మందు సరిగా వేసుకోలేదని రోగిని నిందిస్తారు. కేసు కాగితంలో మాత్రం 'మందు మానేశాడు' అని ఉంటుంది తప్ప ఎందుకు మానేశాడో ఉండదు. డిప్రెషన్, స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి జబ్బుల్లో మందు ఆపడమంటే ఉద్యోగం, చదువు, కొన్నిసార్లు ప్రాణం కూడా ప్రమాదంలో పడటమే. ఈ కొలతను పరిశోధకుల అవసరంగా మాత్రమే చూడటం తప్పు. చికిత్స కొనసాగాలంటే ఇది కావాలి.

లోపానికి మూలాలు

లోపం ఉందని తెలిసినంత మాత్రాన అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. మూలాలు ప్రధానంగా నాలుగు.

మొదటిది జబ్బు. డిప్రెషన్‌లో ఏ సుఖమూ సుఖంగా తోచకపోవడం ప్రధాన లక్షణం; లైంగిక సుఖం అందుకు మినహాయింపు కాదు. చికిత్స ఇంకా మొదలుకాని 134 మంది డిప్రెషన్ రోగులపై కెనడాలో జరిగి 1999లో వెలువడిన అధ్యయనంలో, పురుషుల్లో 40 శాతానికి పైగా, స్త్రీలలో సుమారు సగం మంది కోరిక తగ్గిందన్నారు. మందు నోట పడకముందే ఉన్న స్థితి ఇది. ఆందోళన జబ్బుల్లో సరిగా చేయలేనేమోనన్న భయమే అంగస్తంభనను దెబ్బతీస్తుంది. లైంగిక హింసకు గురైన స్త్రీలలో స్పర్శే భయాన్ని తిరిగి రేపవచ్చు. బైపోలార్ జబ్బులో ఇంకో చిక్కు ఉంది. ఉన్మాద దశలో కోరిక అమితంగా పెరుగుతుంది. జబ్బు అదుపులోకి వచ్చాక మామూలు స్థాయికి దిగినా, రోగికి అది నష్టంగానే తోస్తుంది. అటువంటి వ్యక్తిని 'ముందుకన్నా తగ్గిందా?' అని అడిగితే ఏ 'ముందు'ను తలచుకుని జవాబు చెబుతున్నాడో విడిగా తెలుసుకోవాలి.

రెండోది మందు. సెరటోనిన్‌ను పెంచే డిప్రెషన్ మందులు కోరికను తగ్గిస్తాయి, భావప్రాప్తిని ఆలస్యం చేస్తాయి, కొందరిలో పూర్తిగా అడ్డుకుంటాయి. స్ఖలనాన్ని ఆలస్యం చేసే ఈ గుణాన్నే శీఘ్రస్ఖలనానికి చికిత్సగా వాడుతున్నారు. స్కిజోఫ్రీనియా మందులు డోపమిన్ గ్రాహకాలను అడ్డుకుంటాయి. పిట్యూటరీ గ్రంథిపై డోపమిన్ పట్టు సడలడంతో ప్రొలాక్టిన్ హార్మోన్ పెరుగుతుంది. దానితో స్త్రీలలో నెలసరి తప్పడం, రొమ్ముల నుంచి పాలు రావడం, పురుషుల్లో కోరిక, అంగస్తంభన తగ్గడం, కొందరిలో రొమ్ములు పెరగడం జరుగుతాయి. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, అమిసల్‌ప్రైడ్ ప్రొలాక్టిన్‌ను బాగా పెంచుతాయి. అరిపిప్రజోల్ పెంచదు, తరచుగా తగ్గిస్తుంది. ఇటలీకి చెందిన సెరెట్టి, కియేసా 2011లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు, క్వెటియాపిన్, జిప్రాసిడోన్, పెర్ఫెనజిన్, అరిపిప్రజోల్ వాడేవారిలో లైంగిక లోపం 16 నుంచి 27 శాతం ఉండగా, ఒలాంజపిన్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, క్లోజపిన్, థయోరిడజిన్ వాడేవారిలో 40 నుంచి 60 శాతం తేలింది.

మూడోది శరీరం. మధుమేహం, అధిక రక్తపోటు, థైరాయిడ్ సమస్య, ఊబకాయం, పొగాకు, మద్యం ఒక్కొక్కటీ విడిగానే లైంగిక లోపం తెస్తాయి. స్కిజోఫ్రీనియా మందుల్లో కొన్ని బరువును, చక్కెరను పెంచుతాయి కాబట్టి మందు ప్రభావం ఈ దారిన కూడా వస్తుంది. నాలుగోది జీవితం: దాంపత్యంలోని కలత, ఏకాంతం లేని ఇల్లు, నిరుద్యోగం, జబ్బు తెచ్చిన అవమానం, పెళ్లి కాకపోవడం, విడాకులు.

ఈ నాలుగింటినీ విడదీయడానికి ఉన్న ఉత్తమమైన ఉపాయం మందు మొదలుపెట్టకముందే ఒకసారి కొలిచి పెట్టుకోవడం. త్రాసు ముల్లు ముందే ఒక పక్కకు ఒరిగి ఉందో లేదో చూడకుండా తూకం వేస్తే వచ్చే బరువును నమ్మలేం. మొదటి కొలత ఉంటే, ఆరు వారాల తర్వాత కోరిక మెరుగుపడి భావప్రాప్తి మాత్రం ఆలస్యమైతే, జబ్బు తగ్గుతోందనీ మందు అడ్డుపడుతోందనీ వేరుచేసి చెప్పవచ్చు. మొదటి కొలత లేకపోతే రెండో కొలతను ఎటైనా అర్థం చెప్పుకోవచ్చు.

కొలమానాలు

మనోవైద్యంలో ఎక్కువ వాడుకలో ఉన్న ప్రశ్నావళి అరిజోనా సెక్సువల్ ఎక్స్‌పీరియన్స్ స్కేల్, క్లుప్తంగా ఏసెక్స్. మెగహ్యూయీ బృందం 2000లో ప్రచురించిన ఇందులో ప్రశ్నలు అయిదే: కోరిక ఎంత బలంగా ఉంది, ఎంత సులువుగా ఉద్రేకం కలుగుతుంది, పురుషుల్లో అంగస్తంభన లేదా స్త్రీలలో యోనిలో తడి ఎలా ఉంది, భావప్రాప్తి ఎంత సులువు, ఆ భావప్రాప్తి ఎంత తృప్తినిచ్చింది. గడచిన వారాన్ని తలచుకుని ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 6 వరకు గుర్తు పెట్టాలి. మొత్తం 5 నుంచి 30. మొత్తం 19 లేదా అంతకన్నా ఎక్కువైనా, ఏ ఒక్క ప్రశ్నకైనా 5 లేదా ఎక్కువ వచ్చినా, ఏ మూడు ప్రశ్నలకైనా 4 లేదా ఎక్కువ వచ్చినా లోపం ఉన్నట్టు. భాగస్వామి లేనివారు కూడా నింపవచ్చు. భాగస్వామి స్త్రీయా పురుషుడా అన్న తేడా లేకుండా వర్తిస్తుంది. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి రద్దీగా ఉండే ఓపీలో కూడా వీలవుతుంది. అయితే ఇది నొప్పిని అడగదు, శీఘ్రస్ఖలనాన్ని పట్టుకోదు, కారణం చెప్పదు.

అనీటా క్లేటన్ బృందం 1997లో ప్రచురించిన చేంజెస్ ఇన్ సెక్సువల్ ఫంక్షనింగ్ క్వశ్చనైర్ మార్పును పట్టుకోవడానికి తయారైంది. పొట్టి రూపంలో 14 ప్రశ్నలు, మొత్తం 14 నుంచి 70. పురుషులకు 47, స్త్రీలకు 41, లేదా అంతకు తక్కువ వస్తే లోపం ఉన్నట్టు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి: ఏసెక్స్‌లో అంకె పెరిగితే పరిస్థితి చెడ్డది, ఇందులో పెరిగితే మంచిది. రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదివేవారు ఈ తేడాను మరిస్తే తలకిందుల నిర్ణయానికి వస్తారు.

మోంటెఖో బృందం రూపొందించిన సాల్‌సెక్స్ ప్రశ్నావళి మందుల దుష్ఫలితాలకోసమే పుట్టింది. ఏడు ప్రశ్నలు. మందు మొదలయ్యాక మార్పు వచ్చిందా అన్నది మొదటిది. రోగి తనంతట తాను చెప్పాడా అన్నది రెండోది. తరవాతివి కోరిక తగ్గడం, భావప్రాప్తి ఆలస్యం, భావప్రాప్తి లేకపోవడం, అంగస్తంభన లేదా తడి సమస్య. చివరిది అన్నిటికన్నా విలువైనది: ఈ మార్పును రోగి ఎంతవరకు ఓర్చుకోగలుగుతున్నాడు, మందు మానేద్దామనుకున్నాడా? చివరి అయిదింటికీ 0 నుంచి 3 మార్కులు, మొత్తం 15. మిగతావి లోపం తీవ్రతతో ఆగిపోతే ఇది దాని పర్యవసానాన్ని కూడా అడుగుతుంది.

నార్డిక్ దేశాల్లో 1987లో వెలువడిన యూకేయూ స్కేలులో 48 దుష్ఫలితాల జాబితా ఉంది. లైంగిక అంశాలు అందులో భాగం. ప్రతి లక్షణానికీ మందుతో సంబంధం ఎంతవరకు ఉండవచ్చో వైద్యుడు విడిగా అంచనా వేసి రాయాలి. కారణాన్ని తీవ్రతతో కలిపేయకుండా వేరుగా రాయించడం దీని మంచి గుణం.

మనోరోగులకోసం కాకుండా సాధారణ వైద్యంలో పుట్టి ఇక్కడికి వచ్చినవి రెండు. రేమండ్ రోజెన్ బృందం 1997లో పురుషులకోసం రూపొందించిన ఐఐఈఎఫ్‌లో 15 ప్రశ్నలు, 2000లో స్త్రీలకోసం రూపొందించిన ఎఫ్ఎస్ఎఫ్ఐలో 19 ప్రశ్నలు ఉన్నాయి. రెండూ గడచిన నాలుగు వారాల గురించి అడుగుతాయి. ఎఫ్ఎస్ఎఫ్ఐ కోరిక, ఉద్రేకం, తడి, భావప్రాప్తి, తృప్తి, నొప్పి అనే ఆరు అంశాలకు విడివిడిగా మార్కులిస్తుంది. మొత్తం 36కు గాను 26.55 దగ్గర గీత గీశారు. సూక్ష్మంగా అడగడం దీని బలం. కానీ నాలుగు వారాల్లో లైంగిక చర్య జరగకపోతే చాలా ప్రశ్నలకు సున్నా పడుతుంది. భర్త ఊళ్లో లేని స్త్రీ, వితంతువు, వార్డులో చేరిన స్త్రీ, ఏ సమస్యా లేకపోయినా తీవ్రమైన లోపం ఉన్నవారి జాబితాలో చేరిపోతారు. ఒంటరిగా ఉండే రోగులు ఎక్కువగా ఉన్న చోట ఈ ప్రశ్నావళి ఇచ్చే సగటును నమ్మడం ప్రమాదం.

అంకె చెప్పేది, చెప్పనిది

ఏసెక్స్‌ను తొలిసారి పరీక్షించినప్పుడు లోపం ఉన్నవారిలో 82 శాతాన్ని అది పట్టుకుంది. లేనివారిలో 90 శాతాన్ని లేదని సరిగా చెప్పింది. లోపం ఉన్నవారు 50 మంది, లేనివారు 50 మంది ఉన్న వందమందికి దీన్ని ఇస్తే, 41 మందిని పట్టుకుని తొమ్మిదిమందిని వదిలేస్తుంది. లేనివారిలో అయిదుగురిని ఉన్నట్టు చూపుతుంది. ప్రశ్నావళి జల్లెడ పడుతుంది. తీర్పు వైద్యుడితో మాట్లాడాకే.

గీత ఎక్కడ గీయాలన్నది కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. టర్కీలో డయాలసిస్ రోగులపై 2004లో వెలువడిన అధ్యయనం ఏసెక్స్‌కు 19 బదులు 11 సరిపోయే గీతగా తేల్చింది. ఒక దేశంలో, ఒక తరహా రోగుల్లో కుదిరిన అంకెను మరోచోట పరీక్షించకుండా వాడితే లోపం ఉన్నవారి సంఖ్య అమాంతం మారిపోతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది బాధ. అమెరికాలో 18 నుంచి 59 ఏళ్ల వారిపై జరిగి 1999లో వెలువడిన సర్వేలో స్త్రీలలో 43 శాతానికి, పురుషుల్లో 31 శాతానికి లైంగిక లోపం ఉందని తేలింది. ఆ సమస్య వారిని బాధపెడుతోందా అని అందులో అడగలేదు. తర్వాత 31,000కు పైగా అమెరికన్ స్త్రీలపై జరిగి 2008లో వెలువడిన అధ్యయనం ఆ ప్రశ్న వేసింది. ఏదో ఒక సమస్య ఉన్నవారు ఇందులోనూ 43 శాతమే. సమస్యతోపాటు బాధ కూడా ఉన్నవారు 12 శాతం. దీర్ఘకాలం ఒంటరిగా జీవిస్తున్న రోగికి కోరిక తగ్గడం బాధగా ఉండకపోవచ్చు. కొత్తగా పెళ్లయిన రోగికి అదే మార్పు కాపురాన్నే కదిలించవచ్చు. ఒకే అంకె ఇద్దరికీ ఒకే అర్థం ఇవ్వదు. అందుకే బాధను కొలిచే ప్రశ్న ఒకటైనా జతచేయడం అవసరం.

తీవ్రమైన మనోవ్యాధుల్లో

స్కిజోఫ్రీనియాలో కొలత మరింత జటిలం. జబ్బు లక్షణాల్లోనే ఉత్సాహం లేకపోవడం, మనుషులకు దూరమవడం ఉన్నాయి. ప్రశ్నావళిలో తగ్గిన కోరికగా కనిపించేది వీటి ఫలితం కావచ్చు. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు శరీరం మీద, జననాంగాల మీద భ్రమలు ఉండవచ్చు. తనకెవరో హాని చేస్తున్నారన్న నమ్మకంలో ఉన్న వ్యక్తికి లైంగిక ప్రశ్నలు దాడిలా అనిపించవచ్చు. ఏకాగ్రత, జ్ఞాపకం తగ్గినవారికి నాలుగు వారాల సంగతి గుర్తుచేసుకుని చెప్పడం కష్టం. కాబట్టి ఉధృతి తగ్గాక, చిన్న ప్రశ్నావళితో, దగ్గరి కాలం గురించి, వైద్యుడే చదివి వినిపించి అడగడం మేలు. జబ్బు ఉన్నంతమాత్రాన ఆ వ్యక్తికి లైంగిక జీవితం ఉండదనో, అక్కర్లేదనో అనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. ఈ అపోహవల్లనే చాలామందిని ఎవరూ అడగరు.

ప్రయోగశాల పరీక్షలు ప్రశ్నలకు తోడుగా ఉపయోగపడతాయి; వాటి స్థానాన్ని తీసుకోలేవు. ప్రొలాక్టిన్, ఉదయం వేళ టెస్టోస్టిరాన్, థైరాయిడ్, చక్కెర, కొవ్వు పరీక్షలు కారణం వెతకడానికి దారి చూపుతాయి. నిద్రలో అంగస్తంభన వస్తోందో లేదో కొలిచే పరికరం, రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్ష శరీర కారణాన్ని గుర్తించడంలో తోడ్పడతాయి. అయితే ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉండి ఏ సమస్యా లేనివారు ఉన్నారు. ప్రొలాక్టిన్ మామూలుగా ఉండి తీవ్రంగా బాధపడేవారూ ఉన్నారు. సూది పోటువల్ల కలిగే ఒత్తిడికే ప్రొలాక్టిన్ కొంత పెరుగుతుంది కాబట్టి స్వల్పంగా ఎక్కువ వచ్చిన ఒక్క ఫలితాన్ని పట్టుకుని నిర్ణయం చేయరాదు.

మన దేశంలో, తెలుగులో

భారతదేశంలో ఈ రంగానికి పునాది వేసినవారిలో నరేంద్రనాథ్ విగ్ ఒకరు. వీర్యం పోవడంవల్లే ఒంట్లో బలం పోతోందన్న భయంతో నీరసం, ఆందోళన, కుంగుబాటు చెప్పుకునే యువకుల సమస్యకు 1960లో ఆయన ధాతు సిండ్రోమ్ అని పేరుపెట్టారు. రోగి చెప్పే బాధను అతని సంస్కృతిలోంచి అర్థం చేసుకోవాలన్న ఆ దృష్టి కొలతకు కూడా అవసరమే. తెలుగునాట ఆ యువకుడు చెప్పుకునేది 'నరాల బలహీనత'. మూత్రంలో ధాతువు పోతోందనో, హస్తప్రయోగంవల్ల ఒళ్లు పాడైందనో అంటాడు. స్త్రీలలో అదే అలసట, నడుంనొప్పి, కుంగుబాటు 'తెల్లబట్ట' రూపంలో వైద్యుడిదాకా వస్తాయి. పాశ్చాత్య ప్రశ్నావళుల్లో ఇటువంటి బాధకు గడి లేదు. ఏసెక్స్‌లో మామూలు మార్కులు వచ్చిన యువకుడు తీవ్రమైన లైంగిక భయంతో ఉండవచ్చు. అతని భయాన్ని విడిగా అడిగి రాసుకోవాలి.

దక్షిణ భారతంలో వచ్చిన రెండు అంకెలు పద్ధతి ప్రభావాన్ని చూపిస్తాయి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు వైద్య విభాగపు ఓపీకి వచ్చిన 149 మంది వివాహిత స్త్రీలకు ఎఫ్ఎస్ఎఫ్ఐ తమిళ రూపాన్ని ఇచ్చి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 73.2 శాతం మందిలో లోపం కనిపించింది. వారిలో ఎవరూ అప్పటిదాకా వైద్య సహాయం కోరలేదు. కర్ణాటక గ్రామీణులపై సత్యనారాయణ రావు బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో లైంగిక సమస్య ఉన్న స్త్రీలు సుమారు 14 శాతం, పురుషులు 21 శాతం. ఒకటి ఆసుపత్రికి వచ్చినవారిది, రెండోది ఊరివారిది. ఒకటి ప్రశ్నావళి గీతతో తేల్చినది, రెండోది నిర్ధారణ ప్రమాణాలతో తేల్చినది. ఎవరిని, దేనితో, ఎలా కొలిచారో చెప్పకుండా 'ఇంత శాతం' అన్న మాట ఒక్కటే పట్టుకుంటే ఆ మాటకు అర్థం లేదు.

తెలుగులో ప్రశ్నావళి వాడాలంటే మాటలు మార్చితే చాలదు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి; మూలాన్ని చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి; తేడాలు వచ్చినచోట నిపుణులు కూర్చుని సరిచేయాలి. తర్వాత కొద్దిమంది రోగులకు చదివి వినిపించి, ఒక్కో ప్రశ్న వారికి ఏమని అర్థమైందో వారి మాటల్లోనే చెప్పించాలి. కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు ఇచ్చి జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో, వైద్యుడి స్వతంత్ర నిర్ధారణతో కుదురుతున్నాయో లేదో పరీక్షించాలి. 'భావప్రాప్తి' వంటి పుస్తకపు మాట శ్రీకాకుళంలోనో ఆదిలాబాదులోనో చదువులేని స్త్రీకి ఏమీ చెప్పదు. 'భర్తతో కలిసినప్పుడు ఒంటికి సుఖంగా ఉంటోందా, ముందులాగే తృప్తి కలుగుతోందా?' అంటే అర్థమవుతుంది. పెళ్లికానివారిని, వితంతువులను అడిగేటప్పుడు ప్రశ్న భర్తతోనో భార్యతోనో ముడిపడకూడదు.

చదువు రానివారికి ఎవరో చదివి వినిపించాలి. ఆ చదివేవారు ఎవరన్నది జవాబును మారుస్తుంది. స్త్రీలను స్త్రీ వైద్యురాలో, నర్సో, మనస్తత్వ నిపుణురాలో విడి గదిలో అడగాలి. మన ఓపీల్లో రోగి పక్కనే అత్తో, అన్నో, భర్తో నిలబడి ఉంటారు. వారి ముందు వేసిన లైంగిక ప్రశ్నకు వచ్చే 'ఏమీ లేదు' అన్న జవాబును నమోదు చేయడం వృథా. తెలుగు వారపత్రికల్లో డాక్టర్ సమరం వంటివారు నడిపిన లైంగిక ఆరోగ్య ప్రశ్నోత్తరాల శీర్షికలు దశాబ్దాలుగా ఆదరణ పొందాయి. పేరు బయటపడదన్న నమ్మకం ఉంటే తెలుగువారు మొహమాటం లేకుండా అడుగుతారనడానికి అవి సాక్ష్యం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. లైంగిక చరిత్ర రాసిన కాగితం బంధువుల చేతికి వెళ్లకుండా చూడటం మర్యాద మాత్రమే కాదు, చట్టబద్ధమైన బాధ్యత.

కొలిచిన తర్వాత

మందు మొదలుపెట్టేముందు ఒకసారి, నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, మోతాదు లేదా మందు మారినప్పుడల్లా మరోసారి అదే ప్రశ్నావళితో కొలవడం సహేతుకమైన క్రమం. ప్రశ్నకు ముందు ఒక వాక్యం చాలు: ఈ జబ్బులో, ఈ మందులతో చాలామందికి ఇలాంటి ఇబ్బందులు వస్తాయి, చెబితే సరిచేసే మార్గాలున్నాయి. ఈ మాటతో రోగికి సిగ్గు తగ్గుతుంది. దుష్ఫలితం గురించి చెబితే లేనిది ఊహించుకుంటారేమోనన్న సందేహం సహజమే. కానీ మొదటి కొలత చేతిలో ఉన్నప్పుడు కొత్తగా వచ్చినదాన్ని పాతదానితో పోల్చి చూడవచ్చు.

లోపం తేలితే చేయగలిగినవి చాలా ఉన్నాయి: జబ్బు ఇంకా తగ్గలేదేమో చూడటం, మధుమేహం, రక్తపోటు, మద్యం వంటివాటిని సరిదిద్దడం, మోతాదు తగ్గించడం, లైంగిక దుష్ఫలితాలు తక్కువగా ఉండే మందుకు మారడం, ప్రొలాక్టిన్ పెరిగినచోట అరిపిప్రజోల్ చేర్చడం, అంగస్తంభనకు సిల్డెనాఫిల్ వంటి మందు ఇవ్వడం, దంపతులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడటం. ఏ మార్పు చేసినా జబ్బు తిరగబెట్టకుండా చూసుకోవడం మొదటి షరతు. ట్రజొడోన్ వంటి మందుతో నొప్పితో కూడిన అంగస్తంభన నాలుగు గంటలు దాటితే అది అత్యవసర పరిస్థితి. రోగికి ముందే చెప్పి ఉంచాలి. కొందరిలో డిప్రెషన్ మందు ఆపిన తర్వాత కూడా లైంగిక లోపం కొనసాగవచ్చని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ఆ మందుల సమాచార పత్రాల్లో హెచ్చరికగా చేర్పించింది. మందు ఆపాక కూడా కొలత కొనసాగాలనడానికి ఇది బలమైన కారణం.

పరిశోధనా పత్రాల విషయానికొస్తే, ఒక అధ్యయనంలోని శాతాన్ని నమ్మడానికి పాఠకుడికి ఇవి తెలియాలి: ఏ ప్రశ్నావళి, ఏ భాషలో, దాన్ని ఆ భాషలో పరీక్షించారా, ఎవరు అడిగారు, విడిగా అడిగారా, మందుకు ముందు కొలిచారా, భాగస్వామి లేనివారిని ఎలా లెక్కించారు, బాధను అడిగారా, జవాబు చెప్పడానికి నిరాకరించినవారు ఎందరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని మనోవైద్య విభాగాలు చేపట్టవలసిన పని కూడా ఇందులోనే ఉంది: తెలుగులో సక్రమంగా పరీక్షించిన ప్రశ్నావళులు, మందు మొదలుకాకముందు నుంచి కొన్నేళ్లపాటు రోగులను అనుసరించే అధ్యయనాలు, స్త్రీలను, అవివాహితులను, వృద్ధులను వదలని నమూనాలు. వీటికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. తలుపు వేసిన గది, శిక్షణ పొందిన మనిషి, అర్థమయ్యే భాషలో అయిదారు ప్రశ్నలు, రోగికి అయిదు నిమిషాల సమయం చాలు. ప్రతి మనోవైద్య విభాగమూ వీటిని మామూలు చికిత్సలో భాగం చేసుకోవాలి.